పద్మక్క బిస్కెట్ల కోసం బోధన్ దాకా

గుట్టలెక్కడానికి వెళ్లేటప్పుడు తినడానికేం తీసుకెళ్లాలని చాలామంది అడుగుతుంటారు. నా సంచిలో పదకొండేళ్ల పాటు ఒకటే ఉండేది: మా పద్మక్క చేయించిన జొన్న బిస్కెట్లు. రెండు తింటే మధ్యాహ్నం దాకా ఆకలి మాటే ఉండదు. అక్క నిజామాబాద్‌లో బీడీలు చుట్టేది. రోజంతా వంగి కూర్చున్న నడుము గుట్ట ఎక్కితేనే సాఫయితదని, ప్రతి చలికాలం నన్ను హైదరాబాద్ నుంచి పిలిపించుకుని మరీ ఆర్మూర్ గుట్టకు లాక్కెళ్లేది. రెండేళ్ల కిందట జబ్బు చేసి అక్క పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఓవెన్ పెట్టి నాలుగుసార్లు ప్రయత్నించాను. ఒకసారి రాళ్లయ్యాయి, ఒకసారి బొగ్గయ్యాయి. బజారువి నోట్లో పెట్టబుద్ధి కాలేదు. ఒక్కసారైనా ఆ రుచి మళ్లీ దొరికితే అక్క లేని లోటు కాస్త సర్దుకుంటుందని నా ఆశ. అందుకే ఈ జనవరిలో ఒక బుధవారం సెలవు పెట్టి బయలుదేరాను.

జూబ్లీ బస్టాండులో ఉదయం ఐదు గంటల ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తొమ్మిదిలోపే నిజామాబాద్‌లో దిగాను. ఆడవాళ్లం కాబట్టి ఆధార్ చూపిస్తే జీరో టికెట్టే. మగవాళ్లయితే మూడు నాలుగు వందలు జేబులో పెట్టుకోండి. అక్కడి నుంచి బోధన్‌కు బస్సులు వస్తూనే ఉంటాయి, గంట లోపు ప్రయాణం. అక్క బెల్లం ఎప్పుడూ రుద్రూర్ దారిలో గానుగ దగ్గరే కొనేది. బోధన్‌లో ఆటో మాట్లాడుకుంటే, ఆటో అన్న దారి పొడవునా చెరుకు ట్రాక్టర్లను తిట్టుకుంటూ, నన్నేమో కిలో బెల్లం కోసం ఇంత దూరం వస్తారా అని ఆటపట్టిస్తూ తీసుకెళ్లాడు. నాకూ నవ్వొచ్చింది. పిచ్చిపనే మరి.

గానుగ దగ్గర పెద్ద పెనంలో చెరుకు రసం కుతకుతలాడుతోంది. బెల్లం అమ్ముతున్న అవ్వ అచ్చులో నుంచి అప్పుడే తీసిన ముద్దలను చాప మీద పరుస్తోంది. గోరువెచ్చగా, బంగారు రంగులో ఉన్నాయి. నాకు అదే కావాలన్నాను.

"గది ఇయ్యాల్టిది బిడ్డా, ఇంక తడి ఆరలే. పదొద్దుల కిందటిది ఉంది, గది తీస్కపో" అంది అవ్వ.

తాజాది ఉండగా పాతది అంటగడుతోందేమో అనుకున్నాను. పట్నంలో ఉండి నేర్చుకున్న తెలివి ఇంతే కదా! వెచ్చటిదే కట్టించుకుని మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నిజామాబాద్‌కు తిరిగొచ్చి, మిగతా సరుకులు అందాజుగా కొనుక్కుని, అక్క బిస్కెట్లు చేయించే భట్టీకి వెళ్లాను.

ఇక్కడి భట్టీ పద్ధతి తెలియనివాళ్ల కోసం చెప్తాను. పొద్దున కట్టెల మంట మీద బన్నులు, బ్రెడ్డు కాల్చుకోవడం అయ్యాక, మధ్యాహ్నం మిగిలిన వేడి మీద ఇళ్లవాళ్ల బిస్కెట్లు చేసిపెడతారు. పిండి, నెయ్యి, తీపి అన్నీ మనమే తీసుకెళ్లాలి. కిలోకు ఎనభై రూపాయల కూలి. మన పిండి మరొకరి పిండిలో కలవకుండా చివరి రేకు బయటికి వచ్చేదాకా బెంచీ మీద కూర్చుని కాపలా కాయాలి. భట్టీ నడిపే యాదగిరన్న నన్ను చూడగానే గుర్తుపట్టి, నా వెనక్కి చూశాడు.

"అక్క రాలేదేంది చెల్లె?"

చెప్పాను. ఆయన చేతులకంటిన పిండి దులుపుకున్నాడు. తర్వాత నా సంచి అందుకుని అక్క లెక్క తానే చెప్పాడు: గోధుమపిండి కిలో, జొన్నపిండి కిలో, బెల్లం కిలో, నెయ్యి ముప్పావు కిలో, వేయించిన నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, చెంచాడు సొంఠి. ఇన్నేళ్లు పక్కనే కూర్చుని కబుర్లాడానే తప్ప ఆ కొలత ఒక్కసారీ వినలేదు. నా మీద నాకే కోపం వచ్చింది.

మొదటి రేకు బయటికి తీస్తే బిస్కెట్లన్నీ కలిసిపోయి ఒకటే రొట్టె అయ్యాయి. మిగిలిన పిండిముద్ద చేత్తో నలిపి చూసి, ఇంత పచ్చి బెల్లం ఎవరిచ్చారని యాదగిరన్న అడిగితే, నేనే మొండికేసి తెచ్చుకున్నానని ఒప్పుకున్నాను. పక్క పిండి గిర్నీలో అరకిలో జొన్నపిండి తెచ్చి కలిపాక మిగతా రేకులు గుండ్రంగా, ఎర్రగా వచ్చాయి. ఆత్రంగా వేడివేడిది ఒకటి కొరికాను. బాగానే ఉంది. కానీ అది కాదు. ఇంత దూరం వచ్చి ఇదా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గప్పుడే తింటే గట్లనే ఉంటది" అన్నాడు యాదగిరన్న. "నాలుగొద్దులు డబ్బాల పెట్టి మూత తియ్యకు. నెయ్యి, బెల్లం ఒకదాంట్లొకటి దిగాలె. మీ అక్క నువ్వొచ్చే నాలుగొద్దుల ముందే చేయించి పెట్టేది."

గుట్ట మీద తినేవి అక్క ముందే చేయించి పెట్టేదని, నేనొచ్చాక నన్ను వెంటబెట్టుకుని మళ్లీ భట్టీకి వచ్చేది నేను ఇంటికి తీసుకెళ్లే డబ్బా కోసమని అప్పుడు అర్థమైంది. మర్నాడు గుట్ట ఎక్కుదామనుకున్నదాన్ని, డబ్బాతో హైదరాబాద్‌కు వచ్చేశాను. ఆ నాలుగు రోజులు వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా చెయ్యి మూత మీదికే పోయేది. ఆదివారం మళ్లీ బస్సెక్కి ఆర్మూర్‌లో దిగాను. నల్లటి బండల మధ్య మెట్లు ఎక్కి, పైన గాలి తగిలే చోట కూర్చుని డబ్బా తెరిచాను.

అదే రుచి. నువ్వులు, సొంఠి, చివర్లో బెల్లం. అదేనా అని ఎవరినైనా అడగాలనిపించింది. పక్కనున్న కుటుంబానికి తలా ఒకటి ఇస్తే బాగున్నాయన్నారు. బాగుండడం సరే, ఇవి అవే అని చెప్పగలిగే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. రుచి దొరికితే లోటు సర్దుకుంటుందనుకున్నాను కదా, దొరికాకే ఎంత లోటో తెలిసింది. డబ్బా మూసి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

చివరిగా నా సలహా: భట్టీకి మధ్యాహ్నం రెండింటిలోపు చేరండి, బెల్లం కనీసం పది రోజులు ఆరినది పట్టుకెళ్లండి. మీ ఇంట్లో ఇవి చేయించే మనిషి ఉంటే, ఈ చలికాలమే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.