ఎండిన పొలంలో పడవ కేక

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఆటపట్టించడం నాకు చిన్నప్పటి నుంచీ సరదా. ఇంజనీరింగ్ చదివాక ఆ పొగరు ఇంకాస్త పెరిగింది. ఇది దయ్యం కథ అని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు చెబుతున్నానంతే.

తొంభైల చివర్లో కాకినాడలో ఒక డిజైన్ ఆఫీసులో పనిచేసేదాన్ని. చమురు బావుల్లోంచి తీసిన పైపుల లోపల గట్టి పెచ్చు కట్టి ఉంటుంది. అందులో కొద్దిపాటి రేడియోధార్మికత ఉంటుంది. దాన్ని డ్రమ్ముల్లో నింపి శాశ్వతంగా పూడ్చిపెట్టే కాంక్రీటు గదుల డిజైన్ నాకు అప్పగించారు. వాటికి నీళ్ళు తగలకూడదు. తగిలితే ఆ ధార్మికత చుట్టుపక్కల ఊళ్ళ బావులకి పాకుతుంది.

చూపించిన స్థలమేమో డెల్టా పొలం. అయినా మట్టి పరీక్షకి వేసిన బోర్లన్నిట్లో నీళ్ళు ఇంకని బిగువైన బంకమన్నే పడింది. మా చీఫ్ గారు సంతకానికి సిద్ధమైపోయారు.

ఆఖరిసారి చూసొద్దామని మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. కోతలైపోయి నేల బీటలు వారింది. నేనూ, బోరు మేస్త్రి సత్యంగారూ పొలం మధ్య నిలబడి ఉండగా వెనకనుంచి ఎవరో కేకేశారు.

"కాత్త జరగండమ్మా, పడవొత్తంది!"

ఇద్దరం రేవుల్లో పెరిగినవాళ్ళం. ఆలోచించకుండా కుచ్చిళ్ళు పైకెత్తి పక్కకి జరిగాను. సత్యంగారు లుంగీ ఎగ్గట్టారు. ఆ తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కనుచూపు మేరలో మనిషి లేడు, చుక్క నీరు లేదు.

"మీకూ ఇనపడిందాండి?" అన్నారాయన.

పడవంటే నీరు కదా అనిపించింది. "ఇక్కడే ఇంకో బోరు వేయండి" అన్నాను.

బంకమన్ను దాటగానే ముతక గోదారి ఇసక పడింది. వెంటనే నీళ్ళు ఉబికాయి. ఎప్పుడో పూడిపోయిన ఏటి పాయ అది. మా పాత బోర్లన్నీ దానికి అటూ ఇటూ పడ్డాయి.

"ఒక్క బోరు చూసి స్థలం మార్చేస్తామా ఏంటండి?" అని చీఫ్ గారు మండిపడ్డారు. అక్కడే ఎందుకు వేయించారని కూడా అడిగారు. అనుమానం వచ్చిందన్నాను. నిజం చెబితే సెలవు పెట్టి విశ్రాంతి తీసుకోమనేవారు. ఇసక మూట మీటింగు బల్ల మీద పెట్టి పట్టు పట్టాను. చివరికి స్థలం మెట్ట ప్రాంతంలో ఎర్రమట్టి దిబ్బ మీదికి మారింది. గదులు నేల పైన కట్టి మట్టితో కప్పే నా డిజైన్ ఆమోదం పొందింది.

తర్వాత ఒక తుఫానుకి ఆ పాత పొలం చెరువైంది. నేను దిబ్బకి పరుగెత్తాను. గదుల కింది తనిఖీ గుంటలో చెయ్యి పెట్టి తడిమితే పొడి దుమ్మే అంటింది. గెలిచానండీ! అక్కడే పిచ్చిదానిలా నవ్వేశాను.

ఆ డిజైన్‌లో ప్రతి గోడ మందానికీ లెక్క చూపించగలను. కేకేసిందెవరో మాత్రం ఈనాటికీ చెప్పలేను. ఎవరైతేనేం, అడగ్గానే దారిచ్చాను.