దావీదన్న, పింగాణీ ఫ్యూజు

దావీదన్న పోయాడు.

నిన్న మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి వాళ్ళ అమ్మాయి ఫోన్. "చిన్నాయనా, నాయన ఇంక లేడు" అంది. నా బుర్రకెక్కలేదు. "ఎవరి గురించి సెప్తాండావమ్మా?" అని అడిగాను, పిచ్చివాడిలా.

మొన్ననే కదా ఫోన్‌లో అంత గట్టిగా నవ్వాడు!

మీలో చాలామందికి ఆయన తెలియదు. పంతొమ్మిది వందల యాభైల చివర్లో ఆదోనిలో మేం పనిచేసిన పత్తి మిల్లులో సరుకు లిఫ్ట్ ఒకటి ఉండేది. దాని రిపేరు మా ఇద్దరి డ్యూటీ. ఆయన మేస్త్రి, నేను అసిస్టెంట్. ఆయనది ఎమ్మిగనూరు, నాది పెద్దకడుబూరు. కులం వేరు, దేవుడు వేరు. సద్దిమూట మాత్రం ఒకటే.

ఆయనకొక రూల్ ఉండేది. లిఫ్ట్‌ను నడిపే కంట్రోలర్ పెట్టె పై గదిలో, కరెంట్ మెయిన్ బోర్డు కింది అంతస్తులో. కంట్రోలర్‌లో ఏదైనా మార్చాలంటే ముందు బోర్డులోని ఫ్యూజులు పీకి నా జేబులో వేసేవాడు. పింగాణీవి, జేబు వేలాడిపోయేంత బరువు. తర్వాత పైకెళ్ళి కేకేసేవాడు.

"ఫ్యూజులు యాడుండాయప్పా?"

"నా జేబులోనే ఉండాయన్నా!"

ఈ మాట వినందే స్క్రూడ్రైవర్ పట్టడు. ఒకసారి విసుగొచ్చి "అమ్మేసినాన్నా" అన్నాను. పనిగట్టుకుని దిగొచ్చి చెవి మెలేసి మళ్ళీ పైకెళ్ళాడు.

ఒకరోజు లిఫ్ట్ మొండికేసింది. పైకి పోతుంది, కిందికి రానంటుంది. లోపల పత్తి బేళ్ళు ఇరుక్కుపోయాయి. అందరూ మోటారు కాలిందన్నారు.

"పైకి పోయిన మోటారుకు కిందికి వచ్చేదానికి ఏం రోగం?" అన్నాడు అన్న.

నాతో బటన్లు నొక్కించి విన్నాడు. పైకి నొక్కితే కంట్రోలర్‌లో టక్కుమంటోంది. కిందికి నొక్కితే చప్పుడే లేదు. బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంప్ పెట్టి చూశాడు. కిందికి నడిపే స్విచ్చిని లాగే కాయిల్ దాకా కరెంట్ వస్తోంది, కాయిల్ మాత్రం లాగడం లేదు. లోపల తీగ తెగింది.

ఫ్యూజులు నా జేబులోకి వచ్చాయి. ఆయన పైకెళ్ళి, కేకేసి నా జవాబు విని, కాయిల్ విప్పుతున్నాడు.

అంతలో మిల్లు గుమాస్తా పరుగెత్తుకొచ్చాడు. బేళ్ళు రైలుకు అందాలట. బోర్డు ఖాళీగా ఉండటం చూసి స్టోర్ నుంచి వేరే ఫ్యూజులు తెచ్చాడు మహానుభావుడు! అవి పెట్టాడంటే పైన మనిషి ఉండడు. పెట్టబోతుంటే చెయ్యి పట్టి ఒక్క తోపు తోశాను.

సరిగ్గా అప్పుడే, అలికిడి విన్నాడేమో, పైనుంచి మళ్ళీ కేక. "ఫ్యూజులు యాడుండాయప్పా?"

"నా జేబులోనే ఉండాయన్నా!"

కొత్త కాయిల్ బిగించేదాకా బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాను. ఆయన దిగొచ్చి సంగతి విని గోడకు చేరగిలబడ్డాడు. నీళ్ళడిగి సగం తాగి, మిగతా సగం నాకిచ్చాడు.

మిల్లు మూతపడిన రోజు ఒక ఫ్యూజు నా చేతిలో పెట్టాడు. "నీ తాననే ఉండనీ" అన్నాడు.

ఈరోజే అంత్యక్రియలు. నేను ఆదోనిలోనే ఉన్నాను. ఎమ్మిగనూరు ఎంత దూరమని!

కానీ మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పాడైంది. కంట్రోలర్‌లో ఎలక్ట్రానిక్ కార్డు పోయిందట, బెంగుళూరు నుంచి రావాలట. నేనుండేది మూడో అంతస్తు. తుంటి ఆపరేషన్ ఈ మధ్యే అయింది. పిల్లలు కుర్చీలో దింపబోయారు. రెండు మెట్లకే నొప్పి ఓర్చుకోలేక కేక పెట్టాను. వెనక్కి తెచ్చేశారు.

బతుకంతా లిఫ్ట్ బాగుచేసి, లిఫ్ట్ లేక అన్న ముఖం చూసుకోలేకపోయాను. ఇంకా ఎందుకు బతికున్నానో తెలియడం లేదు.

ఈపాటికి అక్కడ పెట్టె గోతిలోకి దింపుతూ ఉంటారు.

అన్నా, ఇంక నువ్వు అడగవు. అడక్కపోయినా సెప్తాండా.

ఫ్యూజు నా జేబులోనే ఉండాది. ఎవరూ కరెంట్ వెయ్యరు.

నెమ్మదిగా పండుకో అన్నా.