రాఘవయ్య గారి వాయిస్ కమాండ్లు

2004లో తెనాలిలో నాకొక చిన్న కంప్యూటర్ షాపు ఉండేది. అమ్మకాలు తక్కువ, రిపేర్లు ఎక్కువ. బాపట్ల నుంచి రేపల్లె దాకా ఎవరి కంప్యూటర్ మొరాయించినా నాకే ఫోను వచ్చేది. అలా పరిచయమైనవారే రేపల్లె రాఘవయ్య గారు. ఆయన ఇన్సూరెన్స్ సర్వేయరు. నిజాంపట్నంలో మరబోటు దెబ్బతింటే వెళ్ళి చూసి, నష్టం గురించి ఇంగ్లీషులో రిపోర్టు రాసి కంపెనీకి పంపడం ఆయన పని.

ఆ ఏడాదే ఆయనకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది గానీ కుడిచెయ్యి పడిపోయింది, మాట ముద్దయిపోయింది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే రిపోర్టులు తెమలడం లేదు. ఇలాగే ఆలస్యమైతే సర్వేయర్ల ప్యానెల్లోంచి పేరు తీసేస్తామని కంపెనీవాళ్ళు చెప్పేశారట. ఆయన భార్య రత్నమ్మ గారు షాపుకొచ్చి, "మాట్లాడితే టైపు చేసే సాఫ్ట్‌వేరేదో ఉందంట గదా బాబూ, అది పెట్టయ్యా" అన్నారు.

దాన్ని స్పీచ్ రికగ్నిషన్ అంటారు. అప్పట్లో అది అమెరికా ఇంగ్లీషుకు అలవాటుపడిన సరుకు. తెనాలి ఇంగ్లీషు మాట్లాడే నన్నే అది లెక్కచేసేది కాదు, ఇక రాఘవయ్య గారి ముద్దమాట ఏం వింటుంది? అయినా పెట్టి చూశాం. ఆయన ఒకటి చెబితే తెరమీద మరొకటి పడింది. ఆయన మైకు తీసి బల్లమీద పెట్టేశారు.

అయితే అందులో కస్టమ్ కమాండ్ అని ఒక సదుపాయం ఉంది. ఒక పేరు పెట్టి, దానికి ఒక పేరా తగిలిస్తాం. పేరు పలికితే పేరా మొత్తం టైపవుతుంది. సర్వే రిపోర్టులో చాలా భాగం ఎప్పుడూ రాసే వాక్యాలే. పైగా ఆ పేరు ఎలా పలుకుతామో మన గొంతుతోనే నేర్పించవచ్చు. స్పష్టంగా పలకనక్కర్లేదు, ప్రతిసారీ ఒకేలా పలికితే చాలు.

పేర్లు ఆయన్నే పెట్టమన్నాను. బోటువాళ్ళ మాటలే పెట్టుకున్నారు. "అడుగు చెక్క" అంటే బోటు అడుగుభాగం పరీక్షించిన పేరా, "నీళ్ళొచ్చాయి" అంటే లోపలికి నీరు చేరిన వైనం. ఆయన నోట మొదటిది "అయువ్ ఎక్క" అని వచ్చేది. మెషిన్‌కి ఆ మాత్రం చాలు, పేరా టకటకా పడింది.

"మాకర్థం కానిది దీనికర్థమైందే" అన్నారు రత్నమ్మ గారు.

అంకెలు, బోటు పేర్లు మాత్రం ఆయన ఎడమచేత్తో కొట్టుకునేవారు. రిపోర్టులు వెళ్ళసాగాయి, ప్యానెల్లో పేరు నిలిచింది. కమాండ్లన్నిటినీ ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే ఒక ఫైలుగా బయటికి తీసి, సీడీలో దాచి వచ్చాను.

కొన్ని నెలలకు రత్నమ్మ గారి ఫోను. "బాబూ, నీ సాఫ్ట్‌వేరు పాడైపోయిందయ్యా. కొన్నాళ్ళుగా తిప్పలు పెట్టి పెట్టి, ఇవాళ ఒక్కటీ విననంటోంది. రిపోర్టు రేపటికి వెళ్ళాలి, లేకపోతే ఈసారి ఊరుకోరు."

సాఫ్ట్‌వేరు పాడైపోయిందనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరో ఏదో నొక్కే ఉంటారని సణుక్కుంటూ రేపల్లె పాసింజరెక్కాను.

మైకు మార్చాను, సౌండ్ కార్డు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కమాండ్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన పిలుస్తున్నారు, ఒక్కటీ పలకడం లేదు. వెనక నుంచి రత్నమ్మ గారు చెప్పుకొచ్చారు. "డాక్టరు గారు రోజూ పేపరు పైకి చదివించమన్నారు. చదివించీ చదివించీ నా ప్రాణం విసిగింది బాబూ. మార్పేం లేదు. ఇక మానేద్దామనుకుంటున్నాం."

రాఘవయ్య గారు తల దించుకుని కూర్చున్నారు.

కమాండ్లు నేర్పిన మొదటిరోజు మైకు పరీక్షకని ఆయన మాట రికార్డు చేసిన ఫైలు ఇంకా అందులోనే ఉంది. అప్పటి సౌండుతో పోల్చి చూద్దామని నొక్కాను. "అయువ్ ఎక్క" అంది.

"అదెవరు?" అన్నారు రత్నమ్మ గారు.

"సారేనండి. మొదటిరోజుది." ఆయన వైపు తిరిగాను. "ఇప్పుడోసారి అనండి సార్."

"అడుగు చెక్క" అన్నారాయన. చ దగ్గర నాలుక ఇంకా కొంచెం జారుతోంది గానీ మిగతాదంతా మాటే.

రోజూ వినే ఆవిడకు తెలియలేదు. ధ్యాసంతా మైకు మీదున్న నాకూ తెలియలేదు. పాత గొంతు కోసం కాచుకు కూర్చున్న మెషిన్‌కి మాత్రం ఈయన కొత్తమనిషైపోయారు. రత్నమ్మ గారు గోడకానుకుని ఏడ్చేశారు. రాఘవయ్య గారు ఆ ఫైలు మళ్ళీ వెయ్యమన్నారు. విన్నారు, ఇంకోసారి వెయ్యమన్నారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

పాత గొంతు గుర్తులున్నదాన్ని పక్కనపెట్టి, ఆయన పేరున కొత్త ప్రొఫైల్, అంటే గొంతు ఖాతా తెరిచి, సీడీలోని కమాండ్లను ఇంపోర్ట్ చేశాను. ఇంపోర్ట్ చేస్తే పేర్లు, పేరాలు వస్తాయి గానీ గొంతు రాదు. అది మనిషి మళ్ళీ ఇచ్చుకోవాల్సిందే. ఒక్కో పేరూ ఆయన ఓపిగ్గా పలికారు. సాయంత్రానికి రిపోర్టు పూర్తయింది.

నేను చెప్పులేసుకుంటుంటే రత్నమ్మ గారు పేపరు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

"ఇవాళ్టికి వదిలెయ్యవే" అన్నారాయన. గుమ్మం అవతలున్న నాకు ప్రతి మాటా తెలిసింది.

"అదేం కుదరదు, చదవండి" అన్నారావిడ.

అప్పట్నుంచి ఎవరైనా సాఫ్ట్‌వేరు పాడైందంటే, మెషిన్ జోలికి పోయేముందు దాన్ని వాడే మనిషితో కాసేపు మాట్లాడతాను. చాలాసార్లు ఆ మాటల్లో ఏమీ తేలదు, వైరే ఊడి ఉంటుంది. అయినా మాట్లాడతాను.