ఎరువు దిబ్బ పక్క మన్ను

రెండేళ్లుగా మా చేనులో వేరుశనగ పసుపెక్కి, కాయ సరిగా పట్టడం లేదు. మట్టి పరీక్ష చేయిస్తే ఏం తక్కువో తెలుస్తుందన్నారు. ఒక రోజు గార్లదిన్నెలో అనంతపురం బస్సెక్కి, మట్టి సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

పక్కన కూర్చున్న ముసలావిడ సంచిలోకి తొంగిచూసింది. "ఏమ్మే, రాగిపిండా?"

"కాదవ్వా, మా చేని మన్ను. పరీక్షకు తీసుకపోతాండా."

చిటికెడు తీసి నలిపి వాసన చూసింది. "యాడ తీసినావు?"

"ఎరువు దిబ్బ పక్కన. ఆడైతే నల్లగా బాగుంటాది. పిండి జల్లెడతో జల్లించినా కూడా."

మట్టి పరీక్ష చేసే ఆఫీసరు ముందు మా ఎర్ర గరుసు నేల పరువు పోకూడదని నా తాపత్రయం.

అవ్వ పడీపడీ నవ్వింది. "నీకు జరమొస్తే సూది ఏయించుకునేకి మీ చెల్లెల్ని పంపుతావా? ఈ మన్ను చూస్తే పరీక్ష చేసే ఆయప్ప నీ చేనుకు ఏ రోగమూ లేదంటాడు. చేనంతా తిరిగి, పది చోట్ల జానెడు లోతు తవ్వి, కలిపి తీసుకపో. ఇదేమన్నా పెండ్లిచూపులా మే, సింగారించేకి?"

బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. "నిలపప్పా, ఈ పిల్ల దిగల్ల!" అని కండక్టరును ఆవిడే కేకేసింది. సంచితో దిగి ఇంటిదారి పట్టాను.

మరునాడు చేను ఎలా ఉందో అలాంటి మట్టే ఇచ్చాను. ఏం తక్కువో చీటీలో రాసిచ్చారు, అదే వేశాం. ఆ పంటకు చెట్టు పీకితే కాయలు గుత్తులుగా వేలాడాయి.

"ఆ ఆఫీసరు బలే తెలివైనోడు" అన్నాడు మా ఆయన. అవ్వ సంగతి చెబుదామనుకున్నాను గానీ, నా నోటి నిండా పచ్చికాయల పప్పులే.