బాపుకు ఏమైందో అవ్వ చెప్పిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మగవాళ్లు బట్టలు ఉతకడం ఎవరూ చూసి ఎరగరు. అందుకే ఒకరోజు పొద్దున్నే మా బాపు, అంటే మా నాన్న, తన ధోతి తానే పట్టుకుని కాలువకు పోతుంటే, నేనూ పక్కింటి అక్కా చాటుగా నవ్వుకున్నాం. నాకప్పుడు పదేళ్లు. ఏమీ తెలియని ఆడపిల్లను.

మాది బోధన్ దగ్గర ఒక పల్లె. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల చెరుకును ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి తోలడం బాపు పని. గేటు ముందు బండ్లన్నీ వరుసలో ఆగితే, తన వంతు వచ్చేదాకా ముచ్చట్లు చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఆ ఏడు మాత్రం బండి మీద కూర్చోవడం మానేసి, ఎడ్ల పక్కన నడవడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనేవాడు.

మా అవ్వ నమ్మలేదు. మా వైపు కన్నతల్లినే అవ్వ అంటాం. ఆరేసిన ధోతి మీద వదలని మరక చూసి ఆమె గట్టిగా అడిగితే, పురుషాంగం కొనన, చర్మం కింద జొన్నగింజంత పుండు లేచిందని అప్పుడు చెప్పాడట. చర్మం బిగుసుకుపోయి వెనక్కి రావడం లేదనీ, వాసన వస్తోందనీ కూడా. నొప్పి లేదు కాబట్టి అదే మానుతుందనుకున్నాడు. ఈ సంగతులన్నీ నేను పెద్దయ్యాక అవ్వ చెప్పింది. అప్పట్లో నాకు తెలిసింది, బాపు నవ్వడం తగ్గించాడని మాత్రమే.

దవాఖానకు పోదామని అవ్వ ఎన్నిసార్లు బతిమాలినా, ఇంకొకరి ముందు బట్ట విప్పలేనన్నాడు. ఎవరో ఇచ్చిన పొడి చల్లుకున్నాడు. ఆకు పసరు పూసుకున్నాడు. ఎండాకాలం పోయింది, వానాకాలమూ పోయింది. పుండు పెద్దదై రక్తం కారసాగింది. గజ్జల్లో గట్టి బిళ్లలు తేలాయి. నడవలేని రోజు వచ్చాక గానీ ఒప్పుకోలేదు.

నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఒక డాక్టరు ఉండేవాడు. ఇంట్లో నన్ను చూసుకునే ఆడవాళ్లెవరూ లేక నన్నూ వెంట తీసుకుపోయారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. డాక్టరు అవ్వను పక్కకు పిలిచి చెప్పిన మాట నా చెవిన పడింది.

"గింజంత ఉన్నప్పుడు తీసుకొస్తే చిన్న ఆపరేషన్‌తోనే అయిపోతుండె గదమ్మా."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హైదరాబాద్‌లో అది క్యాన్సరని చెప్పి ఆ భాగం కోసి తీసేశారు గానీ, రోగం అప్పటికే లోపలికి పాకింది. ఇంటికొచ్చాక బాపు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం నేను జావ తాగిస్తుంటే, ఎదురుగా ఉన్న అవ్వతో అన్నాడు.

"ఎడ్ల మెడ మీద రోజు పొద్దుగాల సెయ్యి పెట్టి సూస్తుంటి. జర పుండు కనవడ్డా డాక్టర్‌ను పిలిపిస్తుంటి. నాది మాత్రం దాసుకున్న."

అవ్వ ఆయన పాదాలు పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఆ పై ఏడు చెరుకు బండ్లు కదిలే కాలానికి ఆయన లేడు.

పదకొండో రోజున బంధువులూ, బాపుతో బండ్లు తోలినవాళ్లూ వాకిట్లో కూర్చున్నారు. ఏం రోగమని ఎవరు అడిగినా, కడుపులో గడ్డ అని బాపు తండ్రి, మా తాత చెబుతున్నాడు. ఆ మాట మూడోసారో నాలుగోసారో విన్నాక, లోపల ఉన్న అవ్వ లేచి గడపలోకి వచ్చింది.

"కడుపుల గడ్డ కాదు," అంది. "ఆయనకు ఒంటికి పోయే కాడ పుండైంది. నొప్పి లేదని, సిగ్గని, ఏడాది దాసిండు. గందుకే సచ్చిపోయిండు. మీల ఎవరికైనా ఆడ రక్తం గానీ గడ్డ గానీ కనవడితే ఆగకుండ్రి. పుండైనా, రంగు మారినా, రెండు వారాలల్ల మానకుంటే దవాఖానకు పోండ్రి. నొప్పి లేకున్నా పోండ్రి. అన్నీ గిదే రోగం కాదట. ఏందో డాక్టరే సూసి చెప్పాలె. మీ పెండ్లాలు నా లెక్క కావొద్దు."

ఎవరూ తలెత్తలేదు. పరువు తీసిందని తాత లేచి బయటికి పోయాడు. చాలా నెలలు ఆమె చేతి అన్నం ముట్టలేదు.

కొన్ని రోజులకు, ఎప్పుడూ బాపు బండి వెనకే బండి తోలే ఒక అన్న, భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నేల చూస్తూ, ఆ డాక్టరు ఎక్కడుంటాడని అడిగాడు. అవ్వ తానే వాళ్ల వెంట పోయింది. ఆయనదీ అదే రోగం, కానీ పుండు చిన్నగా ఉండగానే దొరికింది. ఆపరేషన్ చేశారు, బతికాడు. ఆ కబురు చెప్పి ఆయన వెళ్లిపోయాక, బాపు పోయిన రోజు కూడా గట్టిగా ఏడవని మా అవ్వ పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది.

"మీ బాపుది సుత మొదలు గంతే ఉండె బిడ్డా," అంది.

ఆ అన్న ముసలివాడయ్యేదాకా మా వాకిలి ముందు నుంచి నడిచిపోయేవాడు. అవ్వ నవ్వుతూ పలకరించేది, వెంటనే లోపలికి వెళ్లిపోయేది. ఆయన బతికినందుకు ఆమెకు సంతోషమే. కానీ ఆయన్ను చూస్తూ నిలబడలేకపోయేది.

ఇప్పుడు అవ్వా లేదు. నా ఇద్దరు కొడుకులకు మీసాలు వచ్చే వయసులో నేనే కూర్చోబెట్టి చెప్పాను. స్నానం చేసేటప్పుడు శుభ్రంగా కడుక్కోండి, అన్నీ చూసుకోండి, వృషణాల్లో గడ్డ గానీ వాపు గానీ తగిలినా దాచకండి, నాకు చెప్పడానికి సిగ్గైతే నేరుగా డాక్టరుకు చెప్పండి అని. మొన్న మనవడికీ చెప్పాను. వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండా, ఇవన్నీ నువ్వెందుకు చెప్తున్నవ్ నానమ్మా అని గొణిగాడు.

"మీ ముత్తాతకు ఎవరు చెప్పలే. గందుకు," అన్నాను.

ఆ రోజు అంతమంది మగవాళ్ల ముందు నిలబడి చెప్పినప్పుడు అవ్వ గొంతు వణకలేదు. నాది ప్రతిసారీ వణుకుతుంది. బాపు సంగతికి వచ్చేసరికి మాట ఆగిపోతుంది. అయినా మిగిలింది చెప్తాను.