అత్త రెండో క్యాసెట్

పోయిన నెల కళ్ళ డాక్టరు దగ్గరికని మారేడ్‌పల్లి వెళ్తుంటే, ఆటో ఆయన ఫోనులో ఒక పాట పెట్టాడు. వెనకాల డప్పులూ ఇంకా ఏవేవో మోతలూ కలిపారు గానీ ఆ గొంతు మా మేనత్తది. ఊరుకోలేక, "ఈ పాట పాడింది మా అత్తేనండీ" అన్నాను. ఆయన అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "అందరు గట్లనే అంటరమ్మా. మొన్నొకాయన గిది మా అమ్మ పాటన్నడు" అన్నాడు. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. మా అత్తే ఉంటే ఆ మొన్నటాయన ఎవరో, ఏ పేటలో ఉంటాడో, ఆ మాట ఎందుకన్నాడో కూపీ లాగితే గాని ఆటో దిగేది కాదు.

అత్త మొదటినుంచీ అలాంటి మనిషి కాదు. నేను డిగ్రీ చదువుకని కృష్ణ ఒడ్డునున్న మా ఊరి నుంచి వచ్చి సీతాఫల్‌మండిలో ఆమె దగ్గర చేరేనాటికి, ఇంటి తలుపుకు గడియ పెట్టడం కూడా మరిచిపోయే మనిషి. మేడ మీద రెండు అద్దె గదులు. వంటింటి కిటికీ తెరిస్తే కింద ఇంటావిడ బట్టలారేసే పెరడు. అత్త మిషన్ బడిలో ఐదో తరగతికి తెలుగు చెప్పేది. మామయ్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. గొంతు మాత్రం ఇద్దరు మనుషులకు సరిపోయేంత ఉండేది. ఆదివారం ఆరాధనలో మైకు ఆమె వైపు తిప్పేవారు కాదు, తిప్పితే మిగతావాళ్ళు పాడుతున్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. చర్చిలో కీర్తనలు, ఇంట్లో కలుపు పాటలు. మా నాయనమ్మ పొలం పనికి వెళ్తూ కూతుర్ని వెంట తీసుకుపోయేదట. గట్టు మీద కూర్చుని విన్న నాట్ల పాటలన్నీ అత్తకు అక్షరాలకంటే ముందే వచ్చాయి.

మా సంఘంలో ఒక పెళ్ళి విందయ్యాక ఆడవాళ్ళు బలవంతపెడితే అలాంటి పాటొకటి పాడింది. ఆ పెళ్ళికొచ్చిన ఒకాయనకు సికింద్రాబాద్ స్టేషన్ వెనక సందులో చిన్న రికార్డింగ్ గది ఉంది. వారం తిరక్కుండా వచ్చి ఎనిమిది పాటలు పాడించుకున్నాడు. క్యాసెట్ అట్ట మీద అత్త నీలం చీర ఆకుపచ్చగా అచ్చయింది, పేరులో ఒక ఒత్తు పోయింది. అయినా ఆ క్యాసెట్ ఎవరూ అనుకోనట్టు ఆడింది. టీ హోటళ్ళలో అదే, ఆటోల్లో అదే. వినాయక చవితి పందిళ్ళలో కూడా అదే మోగుతుంటే, పందిరి వైపు తలెత్తి చూడని అత్త చెప్పు సరిచేసుకుంటున్నట్టు అక్కడే రెండు నిమిషాలు ఆగేది. సంఘం పెద్ద ఒకాయన, "దేవుణ్ణి స్తుతించే గొంతుతో ఈ కలుపు పాటలేమిటమ్మా" అని నొచ్చుకున్నాడు. "కలుపు తీస్తేనే గదండీ పంట" అంది అత్త.

చిక్కంతా రెండో క్యాసెట్‌తో వచ్చింది. రికార్డింగ్ ఆయన స్వీటు డబ్బాతో వచ్చి, "మేడం, రెండోది మొదటిదానికంటె మస్తుగుండాలె. కొత్త పాటలు ఎవ్వరికి వినపడనియ్యకుండ్రి. జెర జాగ్రత్త. గోడలకు చెవులుంటయంటరు గాని ఈ లైన్ల గోడలు పాటలు సుత నేర్చుకుంటయి" అని చెప్పి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక అత్త చాలాసేపు మా గోడల వంక చూస్తూ కూర్చుంది. మర్నాటికల్లా పాటల నోట్‌బుక్ ట్రంకుపెట్టెలోకి, దాని తాళంచెవి మెళ్ళో శిలువ పక్కకీ చేరాయి. ఎండాకాలం మొదలైనా కిటికీలు మూసేసి, రేడియోలో వార్తలు పెద్దగా పెట్టి, ఆ చాటున సాధన చేసేది. పంటల ధరలూ నాట్ల పాటలూ కలిసి ఆ గదిలో ఏం వింటున్నామో మాకే తెలిసేది కాదు. పాలవాడు గుమ్మంలో నిలబడితే అనుమానం. పాస్టరుగారబ్బాయి టేప్‌రికార్డర్ కొన్నాడంటే అనుమానం. హెడ్‌మిస్ట్రెస్‌గారు ఆప్యాయంగా "ఏం పాడుతున్నారీమధ్య?" అనడంతో ఆవిడతో కలిసి భోంచేయడం మానేసింది.

అందరికంటే ఎక్కువగా ఆ అనుమానం కింద ఇంటావిడ మీద పడింది. ఆవిడ ఒకరోజు మెట్ల దగ్గర, "ఏందీ టీచరమ్మా, గింత ఎండలల్ల కిటికీలు బందు పెడితిరి? తబియత్ బాగ లేదా?" అని అడిగింది. పైకొచ్చాక అత్త నాతో, "చూశావా అమ్మాయ్, మన కిటికీల లెక్క ఆవిడకెందుకు?" అంది. ఆనాటి నుంచి పెరట్లో ఆవిడ చీర కాస్త తీరిగ్గా ఆరేసినా పాట వింటోందనే లెక్క.

ఆ కొత్త పాటల్లో ఒకటి అత్తకు ప్రాణం. 'గట్టు మీది సద్దిమూట కాకికేమి తెలుసునూ, మడిలో మునిగిన కాళ్ళు నావని అమ్మకేమి తెలుసునూ' అని మొదలవుతుంది. పల్లవీ ఒక చరణమూ నాయనమ్మవి, తరవాతిది మరుపున పడింది. ఆ ఖాళీలో అత్త తనే ఒక చరణం కట్టింది. ఒక సాయంత్రం బియ్యంలో రాళ్ళేరుతూ ఏరుతూ చెయ్యి ఆపి, 'గాజుల చప్పుడు విని గింజ కన్ను తెరిచెనూ' అంది. అని, నా వైపు చూసింది. ఆ చరణం ముందుగా విన్నది నేనే. అత్త ఎవరినీ నమ్మని రోజుల్లో నన్నొక్కదాన్నీ నమ్మింది.

నేనేం చేశానో ఇప్పుడు చెప్పాలి. కాలేజీలో నేను ఫలానా పాటల టీచరమ్మ మేనకోడల్నంటే ఎవరూ నమ్మేవారు కాదు. అల్వాల్ నుంచి వచ్చే స్నేహితురాలొకతె మరీ వేళాకోళం చేసేది. ఒకనాడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, నమ్మించాలన్న పంతంతో ఏ క్యాసెట్‌లోనూ లేని పాట పాడి వినిపించాను. అదే పాట. వంటగదిలోంచి వాళ్ళ పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇంకోసారి పాడమ్మా" అంది. మూడుసార్లు పాడించుకుంది. మూడోసారికి ఆవిడ కళ్ళు చెమర్చాయి. నా గొంతుకే అనుకుని పొంగిపోయి ఇంటికొచ్చాను. ఆవిడా పాటలు పాడే మనిషేనని స్నేహితురాలు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండు నెలల తరవాత, రికార్డింగ్‌కు ఇంకా పదిరోజులుందనగా, అత్తా నేనూ కూరలు కొనుక్కుని స్టేషన్ ముందునుంచి వస్తున్నాం. క్యాసెట్ల కొట్లో ఆ పాట మోగుతోంది. వేరే గొంతు. గాజుల చరణంతో సహా. అత్త కదలకుండా నిలబడి చివరిదాకా వింది. ఆ క్యాసెట్ కొని సంచిలో తోటకూర కింద పెట్టింది. ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే అడిగింది. "నువ్వెక్కడైనా పాడావా?"

"లేదత్తా" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, "సరే" అంది. నేరుగా కిందికి దిగి వెళ్ళింది. ఇంటావిడను ఏమందో పూర్తిగా వినలేదు గానీ, ఆవిడ జవాబు మాత్రం మెట్ల మీదున్న నాకు స్పష్టంగా వినపడింది. "టీచరమ్మా, మీ పాటలు నేను క్యాసెట్ల విన్నదే. దొంగతనం మాట నా గుమ్మంల అనకుండ్రి. మంచిగుండదు." నేను కిందికి దిగి నిజం చెప్పాల్సింది. లోపలికెళ్ళి తోటకూర కడిగాను. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేస్తామని అత్త చెప్పేసి వచ్చింది.

ఆ శనివారం, క్యాసెట్ అట్ట మీద ఉన్న అడ్రసు పట్టుకుని అల్వాల్ బయల్దేరింది. నన్నూ రమ్మంది. తలుపు తీసింది ఆ పిన్నిగారే. నన్ను చూసింది, ఒక్క క్షణం ఆగింది, "రండి, కూర్చోండి" అంది. స్నేహితురాలు ఇంట్లో లేకపోవడం నా అదృష్టం. అత్త నీళ్ళు కూడా ముట్టకుండా, "నా పాట మీకెలా వచ్చిందండీ?" అని అడిగింది.

"మీ పాటేంటండీ, మా అమ్మ పాటది" అంది ఆవిడ నెమ్మదిగా. "మీ మాట వింటే తెలుస్తోంది, మీదీ కృష్ణ ఒడ్డే. మాది అవతలి ఒడ్డు. నాట్లకి మీ ఊళ్ళ వైపు కూడా వచ్చేది మా అమ్మ." అని పల్లవి పాడింది. మొదటి చరణంలో అత్తకు తెలియని మాటలు రెండున్నాయి. అవి మా మాటలకంటే పాతవని నాకే అర్థమైంది, అత్తకు అర్థం కాకుండా ఉంటుందా. గొంతు సవరించుకుని ఆవిడతో కలిసి పాడింది. అవతలి ఒడ్డూ ఇవతలి ఒడ్డూ కలిసి పాడుతుంటే, గొడవ ఇంతటితో తీరిపోయిందనుకున్నాను.

పాట ఆగాక అత్త అడిగింది. "మరి గాజుల చరణం?"

ఆవిడ నా వంక చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో తెలుస్తూనే ఉంది. "ఎవరో ఆడపిల్ల పాడుతుంటే విన్నానండీ. మా అమ్మ పాటలో నాకు రాని చరణమేమోననుకున్నాను. మీరు కట్టిందని తెలిస్తే ముట్టుకునేదాన్ని కాదు" అంది. అత్త తల ఊపింది. అప్పుడు మంచినీళ్ళు తాగింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో, నా వైపు తిరక్కుండానే, "గింజ అన్న దగ్గర ఊపిరి తీసుకున్నావా?" అంది.

"తీసుకున్నానత్తా."

"అక్కడ తీసుకుంటే మాట విరుగుతుంది. ఆవిడా అక్కడే తీసుకుంది. ఇంట్లో కూనిరాగం తీసినా నువ్వు అక్కడే తీసుకుంటావు. కొట్టు ముందు వినగానే అది నీ ఊపిరని తెలిసింది."

"మరి కింద ఆంటీని ఎందుకు..."

"నువ్వు లేదన్నావుగా" అంది అత్త. టికెట్టు మడతపెడుతూ, "ఊరందర్నీ అనుమానించడమే తేలికనిపించింది" అంది. అంతే. తిట్టలేదు. నేను ఏడుస్తుంటే కొంగు అందించింది గానీ ఏడవొద్దని అనలేదు.

దిగి వచ్చాక మేడ ఎక్కకుండా నన్ను కింద ఇంటావిడ గుమ్మం ముందు నిలబెట్టి, "చెప్పు" అంది. చెప్పాను. అత్త చేతులు జోడించింది. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "పిల్ల అన్నంక తప్పు చేస్తది. మీరు పెద్దోళ్ళు, మీరు సుత చేసిండ్రు. పోనియ్యుండ్రి. గా కిటికీలు తెరువుండ్రి ఫస్టు, ఉడికి చస్తరు" అంది. ఇల్లు ఖాళీ చేయలేదు.

రెండో క్యాసెట్ ఆ పాట లేకుండానే వచ్చింది. వేసుకోమని అల్వాల్ ఆవిడ కబురు పంపినా అత్త ఒప్పుకోలేదు. ఈసారి చీర రంగూ పేరూ సరిగ్గా అచ్చయ్యాయి గానీ క్యాసెట్ ఆడలేదు. రికార్డింగ్ ఆయన, "రెండోది గట్లనే ఉంటది మేడం, తక్లీఫ్ పడకుండ్రి" అని మిగిలినవి రెండు డబ్బాల్లో పంపించేశాడు. అత్త వాటిని ఐదో తరగతిలో తప్పుల్లేకుండా డిక్టేషన్ రాసినవాళ్ళకు బహుమతులుగా ఇచ్చింది. మూడోది చేయలేదు.

ఆ తరవాత నన్ను ఏనాడూ తక్కువ చేయలేదు. నా పెళ్ళిలో ఆమే పాడింది, నా పిల్లలకు ఆమే స్నానాలు పోసింది. ఒకటి మాత్రం మారింది. ఏదైనా కొత్త చరణం కూనిరాగం తీస్తున్నప్పుడు నేను గదిలోకి అడుగుపెడితే పాట ఆగిపోయేది. కూర ఏం చేయమంటావనో, వాన వచ్చేలా ఉందనో మాట మార్చేది. ఊరికే ఆగిందో, నన్ను చూసి ఆగిందో నాకెప్పుడూ తేలలేదు. ఒక్కసారి అడిగేస్తే పోయేది. వచ్చే ఆదివారం అడుగుదాం, పిల్లల పరీక్షలయ్యాక అడుగుదాం అనుకుంటూ నేను వాయిదాలు వేస్తూనే ఉన్నాను. ఈలోగా అత్త పోయింది. నా కోసం వాయిదా వేసుకోవాలని కాలానికి మాత్రం తోచలేదు.