బండి నోట్లో కుంకుమ

నా ఎలక్ట్రికల్ షెడ్డుకు స్కానర్ వచ్చిన కొత్తలో నా గొప్పలకు హద్దు లేదు. స్టీరింగ్ కిందున్న సాకెట్‌లో దాని ప్లగ్గు పెడితే చాలు, బండి తన జబ్బు తానే చెబుతుందని నిజామాబాద్ అంతా చాటుకున్నాను. దసరా వెళ్లిన వారానికి వేల్పూర్ నుంచి వచ్చిన కారు నా పరువు తీసింది. ఎన్నిసార్లు ప్లగ్గు పెట్టినా స్కానర్ వెలగనే లేదు.

కారు ఒక పసుపు రైతుది. ఇంజన్ లైటు ఆరడం లేదని వచ్చాడు. వెనక సీట్లో వాళ్లమ్మ.

"మా అవ్వనే పూజ అనుకుంట ఏదో చేసింది. ఇగ ఈమెను బండి ముట్టనియ్య, ఎక్కనియ్య!" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అతణ్ని చాయ్ తాగి రమ్మని పంపేశాను.

టార్చి వేసి చూస్తే సాకెట్ నిండా కుంకుమ. నీళ్లతో కలిపి దట్టించినట్టుంది, పిన్నులు ఒకదానికొకటి కలిసి ఫ్యూజు కాలింది.

"అవ్వా, ఇది బండి నోరు. నోట్లో కుంకుమ పెడితె మాట్లాడుతదా?"

ఆమె కొడుకు వెళ్లిన వైపు చూసింది. "దిష్టి తగలొద్దని కనవడ్డ తొర్రకల్ల పెట్టిన బిడ్డా. మావోనికి చెప్పకు, మళ్ల ఎక్కనియ్యడు."

ముందు బ్యాటరీ నెగటివ్ వైరు విప్పాను. ఇసుక కాగితంతో గీకితే పిన్నుల పూత పోతుంది కాబట్టి, ఎలక్ట్రికల్ క్లీనర్ స్ప్రే కొట్టి మెత్తటి బ్రష్షుతో ఒక్కో పిన్నూ తుడిచి, బాగా ఆరనిచ్చాను. పాత ఫ్యూజు ఎంతదో అంతదే వేశాను. ఫ్యూజు బదులు తీగ చుడితే బండి తగలబడుతుందని మా ఉస్తాద్ తిట్టి మరీ నేర్పాడు. బ్యాటరీ కలిపాక స్కానర్ వెలిగింది. అది చూపిన చోట వెతికితే, ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఒక వైరు వదులైంది, అంతే. బిగించగానే ఇంజన్ లైటు ఆరింది.

కొడుకు రాగానే చెప్పాను. "లైటుకు మీ అవ్వకు సంబంధం లేదన్నా. వైరు లూజైంది."

ఆదివారం చర్చికి పోయేవాణ్ని, అబద్ధం ఆడలేదు. అడగనిది చెప్పలేదు, అంతే.

మరుసటి దసరాకు ఆ కారు మళ్లీ వచ్చింది, రిపేరుకు కాదు. అవ్వ ముందు సీట్లోంచి దిగింది. నా స్కానర్ తెమ్మని, దాని పెట్టె మూత మీద జాగ్రత్తగా ఒక బొట్టు పెట్టింది. కొడుక్కు వినపడకుండా నా చెవిలో అంది:

"నోట్లె పెట్టలే బిడ్డా. నొసటనే పెట్టిన."